తెర కింది అక్షరాలు

మధ్యాహ్నం కాఫీ కప్పులు కడిగేలోపే ఫిన్లాండు తీరాన కోత్కా ఊరి మీద చీకటి దిగిపోయింది. నవంబరులో అంతే, పగలు అలా మొహం చూపించి వెళ్లిపోతుంది. ఇర్యా చేతులు తుడుచుకుని గ్లాసులో వేడినీళ్లు పోసి, చెంచాడు తేనె కలుపుకుంది. గొంతు కోసం. సినిమా అయ్యేదాకా ఆ గొంతుతో పని ఉంది మరి.

ముందుగదిలోంచి ఆమె భర్త ఆర్వో కేకేశాడు.

"ఇర్యా, వస్తున్నావా? మొదటి సీను పోతే సగం సినిమా పోయినట్టే!"

"నేను నొక్కందే మొదలవదుగా! ఎక్కడికి పోతుంది నీ మొదటి సీను?"

ఆర్వో రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కానీ ఆ ఉద్యోగం సంగతి ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. ఊరి ఫిల్మ్ క్లబ్బును నడిపినవాడిగానే ఆయన్ని ఎరుగుదురు. ఆయన బాగుందంటే బాగున్నట్టు, పెదవి విరిచాడంటే ఆ సినిమా పని అయిపోయినట్టు. అలాంటి మనిషికి రెండు కళ్లలోనూ చూపుకు నడిమధ్యన మచ్చలు పడ్డాయి. నేరుగా చూస్తే ఎదురుగా ఉన్నది మాయమైపోతుంది, పక్కచూపులో మాత్రం కాస్త ఆనవాలు చిక్కుతుంది. అందుకని దేన్నయినా చూడాలంటే దాని నుంచి మొహం తిప్పుకోవాలి. బస్సు నంబరు కోసం ఆకాశంలోకి, పళ్లెంలో చేపముక్క కోసం గోడవైపు. తెలియనివాళ్లు ఈ ముసలాయనకు ఎంత పొగరో అనుకుంటారు. ఇర్యాతో మాత్రం ఎప్పుడూ నేరుగా మొహంలోకి చూసే మాట్లాడతాడు. అంటే ఆమె ఆయనకు కనిపించదన్నమాట.

సినిమాహాలుకు వెళ్లడం మానేశాడు గానీ సినిమా మానలేదు. ఫిన్లాండులో పరాయి భాష సినిమాలకు గొంతులు మార్చరు, తెర కింద అక్షరాలు వేసి ఊరుకుంటారు. చూపు ఉన్నవాడు చదువుకుంటాడు, లేనివాడికి ఇర్యా లాంటి పెళ్లాం ఉండాలి. సోఫాలో ఆయన పక్కన కూర్చుని, హీరో మాటలూ విలన్ మాటలూ చిన్నపిల్లల మాటలూ ఒకే గొంతుతో ఆమె చదువుతూ పోతుంది. ఆయన కళ్లు మూసుకుని వింటాడు. చర్చి పాటల బృందంలో ఇర్యా పాడేది. బుధవారం సాధనకు వెళ్లేసరికి గొంతు బొంగురు పోతూండటంతో అదీ మానేసింది. ఎందుకు మానేశావని ఆర్వో అడగలేదు. ఆమె మానేసిందన్న సంగతైనా ఆయనకు తెలుసో లేదో.

మొదట్లో ఆమె తెరమీద కనిపించింది కూడా చెప్పేది. "ఇప్పుడా పిల్ల ఏడుస్తోంది", "అయ్యో, బయట వాన", ఇలా. ఆర్వోకు చిర్రెత్తుకొచ్చింది.

"అయ్యో అనాలో ఆహా అనాలో నేను తేల్చుకుంటాను. నువ్వు అక్షరాలు చదువు, చాలు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సినిమాలు చూస్తున్నాను. మిగతాది ఊహించుకోలేనా?"

అప్పటి నుంచి ఆమె అక్షరాలు తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఇక ఆయన అభిప్రాయాలకు అంతుండేది కాదు. స్వీడన్ సినిమాలో ప్రతివాడూ కిటికీలోంచి చూస్తూ మాట్లాడతాడని ఆయన ఫిర్యాదు. ఫ్రాన్సువాళ్లు తింటూ ఏడుస్తారు, ఏడుస్తూ తింటారు, ఆ భోజనం ఎప్పటికీ పూర్తికాదు. ఇంగ్లీషు డిటెక్టివు కోటు విప్పడు. అమెరికావాళ్లకు మౌనం అంటే భయం, ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ వయొలిన్లు కుక్కుతారు. సొంతదేశం సినిమాలను మరీ చీల్చి చెండాడేవాడు: "తాగుతారు, చలికాలం గురించి మాట్లాడతారు, మళ్లీ తాగుతారు. దానికి నేను సినిమా పెట్టుకోవడం ఎందుకు? కింద బెంచీ మీద కూర్చుంటే చాలదా?" ఇంట్లో సినిమా చూడటం మీద కూడా ఆయనకు అభిప్రాయాలున్నాయి. సినిమాహాల్లో అందరితోపాటు చీకట్లో కూర్చుంటే మనిషి నోరు మూసుకుంటాడట. ఇంట్లో అయితే వంటింట్లో ఫ్రిజ్జు గురగుర, పైవాళ్ల బట్టల మెషిను, మధ్యలో బాత్రూముకని లేవడం. ఇలా చూసే సినిమాను చేదుమందులా గొంతులో పోసుకోవాలే తప్ప ఆస్వాదించలేమంటాడు. అంటూనే రోజుకొకటి వేయించుకుంటాడు.

ఇర్యా తేనెనీళ్లు తాగుతూ అన్నీ వినేది. ఈ సినిమా నీకెలా ఉంది ఇర్యా అని మాత్రం ఆయన ఒక్కనాడూ అడగలేదు. మొదట్లో ఆ సంగతి ఆమెకు గుచ్చుకునేది. రానురానూ అలవాటైపోయింది, లోపల మాత్రం ఏదో అరిగిపోతూ వచ్చింది.

ఆ వారం ఆర్వో ఉత్సాహం పట్టశక్యం కాకుండా ఉంది. క్లబ్బును ఇప్పుడు చూసుకుంటున్న కలెవి ఫోన్ చేశాడు. క్రిస్మస్‌కు నాలుగు వారాల ముందొచ్చే మొదటి ఆడ్వెంట్ ఆదివారం నాడు లైబ్రరీ హాల్లో ఒక పోర్చుగల్ సినిమా వేస్తున్నారు, పాతరోజుల్లోలాగా సినిమా ముందు ఆర్వో నాలుగు మాటలు మాట్లాడాలి. కళ్లు పోయాక ఆయన్ని అలా పిలవడం ఇదే మొదలు.

"నేనింకా చూడలేదురా దాన్ని," అన్నాడు కలెవి, ఫోన్ గొంతు సోఫాదాకా వినిపించేంత గట్టిగా. "పేపర్లో మెచ్చుకున్నారని తెప్పించా. నువ్వు ముందే చూసి పెట్టు. నువ్వు చెబితే జనం వస్తారు."

ఫోన్ పెట్టేశాక ఆర్వో మెల్లగా అన్నాడు. "తప్పు మాట్లాడకూడదు ఇర్యా. ఒక్క తప్పు దొర్లినా చాలు, 'పాపం, చూపు లేదుగా' అంటారు. ఆ మాట పడ్డాక ఇంక నేను క్లబ్బు గడప తొక్కను."

కలెవి పంపిన డిస్కు పెట్టి ఇర్యా మీట నొక్కింది. నది ఒడ్డున ఒక ఇల్లు. ఒక పడవవాడు. వాడి తమ్ముడు కుర్రతనంలోనే ఓడెక్కి బ్రెజిల్ పోయాడు, అక్కడి నుంచి ఉత్తరాలు రాస్తుంటాడు. వచ్చెయ్, నీకోసం చూస్తున్నాను అంటాడు. ఇంటి కప్పు వేయించుకోమని డబ్బు పంపుతాడు. పడవవాడు ఆ ఉత్తరాలు పైకి చదువుతాడు, రేవులో జనంతో తమ్ముడి గురించే మాట్లాడతాడు, నీళ్లవైపు చూస్తూ ముసలివాడవుతాడు. ఇర్యా అన్నీ చదివింది. గొంతు నొప్పెడుతున్నా చదివింది.

ఆ ఇంట్లో వాడి భార్య ఉంది. మొదటి సీను నుంచీ ఉంది. పిండి పిసుకుతుంది, పొయ్యి రాజేస్తుంది, తడిసిన వాడి బూట్లలో కాగితాలు కుక్కి ఆరబెడుతుంది. సాయంత్రం గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడుతుంది. కానీ సినిమా మొత్తం మీద ఆవిడకు ఒక్క మాట లేదు. ఇర్యా ఆవిడనే చూస్తూ, మిగతావాళ్ల మాటలు చదువుతూ పోయింది.

ఆఖరి సీనులో ముసలి పడవవాడు కిటికీ దగ్గర నిలబడి, కూతురు వింటూండగా నాలుగు మాటలన్నాడు. ఇర్యా చదివింది.

"తనే లేకపోతే ఈ ఇల్లు లేదు. తను నాకోసం ఎదురుచూస్తూ ఉంటే నేను నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాను. తననెప్పుడూ నేనేమీ అడగలేదు."

ఫిన్నిష్‌లో ఆడకీ మగకీ వేర్వేరు మాటల్లేవు. ఎవరైనా సరే హ్యాన్. మన 'తను'లాగా అది ఎవరికైనా అతుకుతుంది. అక్షరాల్లో ఉన్నది హ్యాన్, ఇర్యా చదివింది హ్యాన్. తెరమీద పడవవాడి చూపు మాత్రం కిటికీ బయట పెరట్లో ఉంది. అక్కడ భార్య నోట్లో క్లిప్పులు పట్టుకుని గాలికి ఎగిరే దుప్పటితో కుస్తీ పడుతోంది.

ఇర్యాకు ఏడుపొచ్చింది. చప్పుడు కాకుండా ముక్కు తుడుచుకుంది.

ఆర్వో కళ్లు తెరిచి సోఫా చెయ్యి మీద వేళ్లతో దరువేశాడు.

"తెలిసిపోయింది. అన్నదమ్ముల కథ. చక్కగా తీశాడు గానీ ఒక్క లోపం. ఆ తమ్ముణ్ణి ఒక్కసారన్నా చూపించలేదు కదూ? అదీ ఒకందుకు మంచిదే అనుకో. ఆఖర్న తమ్ముణ్ణి తలుచుకుని 'తననేమీ అడగలేదు' అంటాడే, అది గొప్ప మాట. ఆడగాలి సోకని సినిమా. ఈ రోజుల్లో అరుదు."

"ఆడగాలి లేదా?" అంది ఇర్యా.

"ఆ కూతురొక్కతే. అదీ ఆఖర్న. ఇంకెవరున్నారూ?"

ఇర్యా ఆయన మొహంలోకి చూసింది. ఆయన కూడా నేరుగా ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆమె లేచి గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

శనివారం ఆమె పండుగ పేస్ట్రీలు చేస్తోంది. పిండిని నక్షత్రాల్లా మడిచి మధ్యలో ప్రూన్ జామ్ పెడుతుంటే, ఆర్వో బల్ల చివర కూర్చుని రేపటి ఉపన్యాసం వల్లిస్తున్నాడు. బిల్డింగు ఉమ్మడి ఆవిరిగదిలో పక్క అపార్ట్‌మెంటు వాళ్ల స్నానం వంతు అయిపోయినట్టుంది, మెట్ల మీద తడి చెప్పుల చప్పుడు. తర్వాతి వంతు వీళ్లదే. ఒక్క మాట చెబితే చాలు అనుకుంది ఇర్యా. రేపు ఈయన అందరిముందూ నిలబడి ఆడగాలి లేదంటాడు, వెంటనే తెరనిండా ఆ ఆడమనిషి చేతులు కనిపిస్తాయి. ఆ తర్వాత ఈ మనిషి మళ్లీ ఇల్లు కదలడు.

"ఆర్వో, ఆ ఆఖరి మాటల్లో తను అన్నది..."

"మళ్లీ మొదలుపెట్టావూ! నీకు నచ్చినట్టు కథ అల్లకు, మహాతల్లీ. నువ్వు చెప్పేది అక్షరాల్లో ఉందా?"

"అక్షరాల్లో లేదు."

"అక్షరాల్లో లేకపోతే సినిమాలో లేనట్టే."

ఇర్యా చేతిలో ఉన్న నక్షత్రాన్ని ట్రేలో పెట్టి ఇంకో పిండిముక్క అందుకుంది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి, ఆ ఓపిక ఆమెకు లేదు. సరే, పడనీ, అనుకుంది. ఒక్కసారి పడి చూస్తే తెలుస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడింది గానీ, నోరు మాత్రం విప్పలేదు.

ఆదివారం మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి, పేవ్‌మెంటు గాజులా ఉంది. ఆమె జారకుండా బూట్లకు ముళ్ల పట్టీలు తగిలించుకుని ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారిపొడవునా వల్లిస్తూనే ఉన్నాడు. లైబ్రరీ మెట్ల దగ్గర ఆగి కాలరు రెండుసార్లు సర్దుకున్నాడు. అప్పుడు కూడా చెప్పవచ్చు. చెప్పకుండానే ఆయన్ని మెట్లెక్కించింది.

హాలు బాగానే నిండింది. కుర్చీలు వేయించిన కలెవి చెమటలు కక్కుతూ ఎదురొచ్చి ఆర్వోను కౌగిలించుకున్నాడు.

"చూడరా, నీ పేరు వేస్తే ఎంతమందొచ్చారో! నా పేరు వేస్తే నేనూ కాఫీ కుండా తప్ప ఎవరుంటారు?"

ఆర్వో మాట్లాడాడు. ఎంత బాగా మాట్లాడాడంటే, ఇర్యా కూడా ఓ క్షణం పాత ఆర్వోను చూసింది. నీళ్ల గురించి, ఓడెక్కిపోయినవాళ్ల గురించి, ఉండిపోయినవాళ్ల గురించి చెప్పాడు. చివర్న చెయ్యెత్తి అన్నాడు: "ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇది ఇద్దరు మగవాళ్ల కథ. ఈ ఇంట్లో ఆడగాలి లేదు. ఆ ఖాళీయే ఈ సినిమాకు ప్రాణం."

చప్పట్లు. దీపాలు ఆర్పారు. తెరమీద మొదటి బొమ్మ, పిండి పిసుకుతున్న రెండు ఆడచేతులు.

హాల్లో ఎవరో ముక్కుతో నవ్వారు. వెనక వరసలో గుసగుస మొదలైంది. పడనీ అనుకుంది కదా, ఇప్పుడు సంతోషంగా ఉండాలి. కానీ ఇర్యాకు తనే ఆయన్ని మెట్ల మీద నుంచి తోసినట్టనిపించింది.

ఆర్వోకు ఏదీ తెలియలేదు. ఆమె పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఇక్కడ పైకి చదవడం కుదరదు, ఎవరి అక్షరాలు వాళ్లు చదువుకుంటున్నారు. కాబట్టి ఆయన ఆమె గొంతు లేకుండా ఆ సినిమాను మొదటిసారి విన్నాడు. పోర్చుగీసు మాటలు ఆయనకు రావు. మిగిలినవి చప్పుళ్లు. పిండి బల్లకేసి కొట్టిన చప్పుడు. పొయ్యిలో కట్టె చిటపట. కాగితాలు నలిపిన చప్పుడు. ఇంట్లో ఆయన సోఫాలో కూర్చుని విన్నప్పుడు వీటన్నిటిమీదా ఇర్యా గొంతు పరుచుకుని ఉండేది.

కొంతసేపటికి ఆయన కళ్లు తెరిచాడు. ఆమె చెవిదగ్గరకు వంగాడు.

"ఎవరది?"

"ఎవరు?"

"ఆ చెప్పులు. ఇందాకట్నుంచీ ఇల్లంతా తిరుగుతున్నాయి."

"పడవవాడి భార్య."

"వాడికి భార్యుందా?"

"మొదట్నుంచీ ఉంది."

"నువ్వు చదవలేదే!"

"ఆవిడకి మాటల్లేవు ఆర్వో. మాటల్లేని మనిషికి అక్షరాలెయ్యరు."

ఆయన కుర్చీలో వెనక్కు వాలాడు. చెప్పుల చప్పుడు వచ్చినప్పుడల్లా తల కాస్త అటు తిప్పుతున్నాడు. దీపం గాజుబుడ్డి గుమ్మం దగ్గర పెట్టిన చిన్న చప్పుడుకు కూడా తిప్పాడు. ఇర్యా తెర చూడటం మానేసి ఆయన్నే చూస్తోంది.

ఆఖరి సీను వచ్చింది. పడవవాడి నాలుగు మాటలూ పోర్చుగీసులో వినిపించాయి. వాటి వెనకాల దుప్పటి గాలికి టపటపా కొట్టుకుంటున్న చప్పుడు.

"తను అంటే..." అన్నాడు ఆర్వో.

"పెరట్లో దుప్పటి ఆరేస్తోంది. ఆవిడనే చూస్తున్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నావు. నిన్న చెప్పబోయాను కూడా."

దీపాలు వెలిగాయి. కలెవి ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. నవ్వించి గట్టెక్కిద్దామన్నది వాడి ఉద్దేశం.

"ఏరా ఆర్వో, ఆడగాలి లేదన్నావు! మరి ఇన్నేళ్లూ రొట్టెలు కాల్చింది ఎవర్రా, గాలేనా?"

హాలు గొల్లుమంది. ఆ నవ్వు సర్దుకునేలోపు వెనక నుంచి ఒకావిడ మెల్లగా అంది, కానీ అందరికీ వినపడింది. "పాపం, చూపు లేదుగా."

ఇర్యా ఆయన చెయ్యి పట్టుకుంది. ఇంటికి తీసుకుపోదామనుకుంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"తప్పు చెప్పాను," అన్నాడు. "చూపు లేక కాదు. నా పక్కన చూసిన మనిషి ఉంది. ఆవిణ్ణి నేను అడగలేదు." ఆమె ఉన్న వైపు తిరిగాడు. "ఇర్యా, ఈ సినిమా నీకెలా అనిపించింది?"

అందరి తలలూ ఆమెవైపు తిరిగాయి. ఇన్ని సినిమాలు చదివింది, ఇన్నేళ్లు ఈ ప్రశ్న కోసం చూసింది. తీరా వచ్చేసరికి ఆమెకు అలసట తప్ప ఏమీ అనిపించలేదు. కూర్చునే చెప్పింది, బొంగురు గొంతుతో.

"బాగుంది. కానీ వాడు ఆ మాట కిటికీకి చెప్పాడు. పక్కనే తలుపుంది. ఆ తలుపు తీసుకుని బయటికెళ్లి ఆవిడకే చెప్పాల్సింది."

ఎవరూ నవ్వలేదు. కలెవి చేతిలో ఉన్న కాగితం మడత పెట్టసాగాడు. కాఫీ కుండ మూత ఆవిరికి టకటకమంటోంది.

ఆర్వో అలాగే నిలబడి కాసేపు ఆమె మొహంలోకి నేరుగా చూశాడు. తర్వాత మెల్లగా మొహం ఆమె నుంచి పక్కకు, గోడవైపుకు తిప్పాడు. తిప్పి అలాగే ఉండిపోయాడు.

"చూశావా, ఎలా మొహం తిప్పుకున్నాడో," అంది వెనకావిడ పక్కామెతో. "ఇంకా పొగరు చావలేదు."

ఇర్యా చెయ్యెత్తి, ఇందాకటి టోపీకి నలిగిపోయిన జుట్టు సర్దుకుంది.